మంత్రి గారికి బహిరంగ లేఖ: అద్దం మీద అంకె వేయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు ఇళ్ళకు కిటికీలు బిగించే తెలుగువాళ్ళం రాసుకుంటున్న విన్నపం ఇది. మరాఠీలో మూడు అర్జీలు ఇచ్చాం. ముద్రలు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ఇళ్ళలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన నిర్మాణ నియమావళి, ఎకో నివాస్ సంహిత సంగతి మీకు మేం చెప్పనక్కర్లేదు. 2018లో వచ్చినప్పుడు అది 500 చదరపు మీటర్లకు తక్కువ స్థలాలను వదిలేసింది. మా వాడల్లో అంత స్థలం ఎవరికుందండీ? చిన్న ఇంటివాళ్ళకు దుకాణందారు మాటే శాస్త్రం. "డబుల్ గ్లాస్ పెడితే ఏసీ బిల్లు సగమైపోతుంది" అంటాడు, వీళ్ళు అప్పు చేసి పెట్టించుకుంటారు.

లెక్క చూడండి. నాలుగడుగుల చదరపు కిటికీ అంటే సుమారు 1.5 చదరపు మీటర్లు. బయట 46 డిగ్రీలు, లోపల 28. యూ విలువ అంటే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా వచ్చే వేడి, వాట్లలో. ఒంటి అద్దం యూ విలువ 5.7 చొప్పున సుమారు 154 వాట్ల వేడి లోపలికి వస్తుంది. 6-12-6 డబుల్ గ్లాసైతే, అంటే 6 మిల్లీమీటర్ల పలకలు రెండు, మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే, 2.8 చొప్పున 76 వాట్లు. తేడా ఉంది, కాదనం. కానీ పడమటి ఎండ సంగతి వేరు. చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ తగిలితే ఆ కిటికీ మొత్తం మీద 900 వాట్లు; అందులో ఒంటి అద్దం 700 వాట్లకు పైగా లోపలికి వదులుతుంది. మామూలు తెల్ల డబుల్ గ్లాస్ కూడా 600 దాకా వదులుతుంది. ఎండను ఆపే పల్చటి లో-ఈ పూత ఉండి, ఎస్‌హెచ్‌జీసీ (తగిలిన ఎండ వేడిలో లోపలికి వచ్చే వంతు) 0.3 ఉంటేనే అది 270కి దిగుతుంది. మా ఎండకు అసలైన అంకె ఈ ఎస్‌హెచ్‌జీసీయే. ఆ అంకె ఏ అద్దం మీదా రాసి ఉండదు.

పూత ఉందన్నా అది ఎటువైపు ఉందో కొనేవాడికి తెలియదు. బయటినుంచి లెక్కపెడితే రెండో ముఖం మీద, అంటే బయటి పలక లోపలి వైపు ఉండాలి. బయట నిలబడి లైటర్ మంట పెట్టి చూస్తే నాలుగు ప్రతిబింబాలు కనపడతాయి. దగ్గరినుంచి రెండోది రంగు మారాలి. మూడోది మారితే పలక తిరగబడినట్టే.

ఇక దొంగ సరుకు. రెండు అద్దాల మధ్య ఓ పట్టీ పెట్టి, చుట్టూ పులుపు వాసన కొట్టే సిలికాన్ పూసి అమ్ముతున్నారు. ఆ పట్టీలో, అంటే స్పేసర్‌లో, తేమ పీల్చే గుళికలుండవు. అంచున మొదటి సీలు బ్యూటైల్ జిగురు, దానిపై రెండో సీలు పాలీసల్ఫైడ్ జిగురు లేదా పులుపు వాసన రాని న్యూట్రల్ సిలికాన్ ఉండాలి. అవీ ఉండవు. ఒక్క వానాకాలానికే మధ్యలో ఆవిరి పడుతుంది. దాన్ని తుడవడానికి వీల్లేదు, మొత్తం మార్చాల్సిందే. స్లైడింగ్ గాడిలో 24 మిల్లీమీటర్లు పట్టవని మధ్య ఖాళీని 6కి కుదిస్తే యూ విలువ 3.3కి ఎక్కుతుంది. చుట్టూ మామూలు అల్యూమినియం ఫ్రేము ఉంటే వేడి దాని గుండానే వచ్చేస్తుంది. మంచి సరుకు తెచ్చినా అడుగున నీళ్ళు పోయే రంధ్రాల్లో మా బొగ్గు దుమ్ము పేరుకుని, నీరు నిలిచి, అంచు సీలు ఊడుతుంది. అడుగున రబ్బరు దిమ్మలు పెట్టకుండా అద్దాన్ని నేరుగా గాడిలో కూర్చోబెట్టినా అదే గతి.

కూలర్ ఇళ్ళ సంగతి మరీ అన్యాయం అయ్యా. కూలర్ పనిచేయాలంటే గాలి బయటికి పోయే కిటికీ తెరిచి ఉండాలి. తెరిచిన కిటికీకి డబుల్ గ్లాస్ ఎందుకు? అలాంటి ఇంటికి ముందు కావలసింది పడమటి కిటికీకి బయట వెదురు తడిక. లోపల పరదా కడితే అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. గడ్చిరోలి అడవుల్లో వెదురుకు కొదవా?

మంత్రి గారూ, కరెంటు పుట్టే జిల్లా ఇది. ఆ కరెంటును ఇలా అద్దాల్లోంచి పారబోయనివ్వకండి. ప్రతి అద్దం స్పేసర్ మీద యూ విలువ, ఎస్‌హెచ్‌జీసీ, తయారైన నెల చెరగని అక్షరాల్లో ఉండేలా చేయండి. మరాఠీలోనూ తెలుగులోనూ రాయిస్తే మరీ మంచిది. చిన్న స్థలాల ఇళ్ళకూ కనీస నియమం పెట్టండి. ముందు నీడకు, తర్వాత అద్దానికి సాయం చేయండి. మా నాలుగో అర్జీకైనా జవాబు రాయండి. కాదంటే కాదనే రాయండి, అదీ మాకు కావాలి.

ఇట్లు,
బల్లార్షా ప్రాంతపు కిటికీ పనివారు