ఇకనుంచి మన దగ్గర విప్పని హాఫ్ డాలర్ రోల్స్ అమ్మం

అమెరికాలో ఎన్నాళ్లుగానో మన దగ్గరే కాయిన్ రోల్స్ కొంటున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం. 'విప్పని రోల్' పేరుతో, అంటే కాగితం చుట్టు విప్పకుండా, కెనడీ బొమ్మ ఉన్న హాఫ్ డాలర్లు (50 సెంట్ల నాణేలు) అమ్మడం ఆపేశాం. ఎందుకో దాచకుండా చెబుతాను.

బ్యాంకు బాక్సంటే 50 రోల్స్, రోల్‌కి 20 చొప్పున 1,000 నాణేలు, 500 డాలర్లు. బ్యాంకు నుంచి వచ్చిన బాక్సే అంటూ మా హోల్‌సేలరు పంపిన దాంట్లో ప్రతి రోల్ చివరా 1964 నాటి వెండి నాణెమే ఉంది. వెండి అలా వరస కట్టి కూర్చోదండీ. అంచు మడత దగ్గర మెషీన్ నొక్కిన గీతలు రెండు వరసలున్నాయి, అంటే విప్పి మళ్లీ చుట్టారు. లోపలివన్నీ 1971 తర్వాతివి, వెండి లేనివి. చివర ఒక వెండి నాణెం కనబడితే లోపల ఇంకెన్ని ఉన్నాయోనని జనం ఎక్కువ ధర పెడతారు కదా, అదీ లెక్క. అడిగితే, చివర వెండి ఉందిగా అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. బాక్సు వెనక్కి పంపేశాం. ఎంత చవగ్గా ఇచ్చినా అతని సరుకు ఇక మన గడప తొక్కదు.

లోపల వెండి ఉందో లేదో తూకం వేసి చూసి రోల్స్ అమ్మండని కొందరన్నారు. దీని గురించే చాలా మథనపడ్డాను. 1971 తర్వాతి నాణెం 11.34 గ్రాములు, ఇరవైకి 226.8. 90 శాతం వెండి ఉన్న 1964ది 12.5 గ్రాములు, కాబట్టి ఒకటి కలిస్తే 1.16 గ్రాములు పెరుగుతుంది. 1965–70 మధ్య వచ్చిన 40 శాతం వెండిది 11.5 గ్రాములే. ఒకటుంటే పెరిగేది 0.16 గ్రాము. కాగితం బరువులో తేడా, నాణేల అరుగుదల దాన్ని మింగేస్తాయి. పైగా బరువైనవి మేం ఉంచుకుని తేలికవి 'విప్పని రోల్' అని మీకిస్తే ఆ హోల్‌సేలరుకీ మాకూ తేడా ఏముంటుంది? అందుకే వద్దనుకున్నాను.

ఇకపై రోల్స్ అన్నీ మేమే విప్పి, నాణేలు విడిగా అమ్ముతాం. ముందు అంచు చూస్తాం: రాగి గీత స్పష్టంగా ఉంటే మామూలుది, మొత్తం తెల్లగా ఉంటే 90 శాతం, గీత లీలగా కనబడితే 40 శాతం. తర్వాత, అచ్చులో లోపం వల్ల అదనపు ధర పలికే రకాలు చూస్తాం. 1974-డి (డెన్వర్ టంకశాలది) మీద 'ట్రస్ట్' అక్షరాలు రెండుగా కనబడాలి. మెట్టులా చదునుగా జరిగినట్టుంటే అది ముద్ర వేసేటప్పుడు కదిలినది, దానికి అదనపు ధర వేయం. 1982-పి (ఫిలడెల్ఫియా టంకశాలది) వెనక వైపు గద్ద కాలికీ తోకకీ మధ్య, ఆ వైపు బొమ్మ రూపొందించిన ఫ్రాంక్ గాస్పారో పొడి అక్షరాలు 'ఎఫ్‌జీ' పూర్తిగా లేకపోతేనే ఆ రకం. డై (నాణెం మీద ముద్ర వేసే అచ్చు) ఎక్కువగా పాలిష్ చేస్తే అవి చెరిగిపోతాయి. పది రెట్ల భూతద్దంలో ఏ కాస్త ఆనవాలు కనిపించినా మామూలు ధరకే ఇస్తాం.

నికెల్, డైమ్ రోల్స్ నేరుగా బ్యాంకులోనే తెస్తాం, వాటిలో మార్పు లేదు.

అడ్వాన్సు కట్టినవాళ్లకు మొత్తం తిరిగిస్తాం, లేదా ఆ రోజు వెండి ధరకు నాణేలిస్తాం. మన దగ్గర కొన్న హాఫ్ డాలర్ రోల్ ఇంకా విప్పకుండా ఉంటే రెండు చివర్లూ దగ్గరగా ఫొటో తీసి పంపండి. మడతలో గీతలు రెండు వరసలుంటే, నాణేలు తిరిగి పంపాక పూర్తి డబ్బు, పోస్టేజీతో సహా ఇస్తాం.