వార్షిక నివేదిక: ట్రెసెల్ నవలపై డాక్యుమెంటరీ ప్రదర్శన, చర్చ

గౌరవ సభ్యులకు నమస్కారం.

రాబర్ట్ ట్రెసెల్ నవల 'ద రాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రపిస్ట్స్'ను నేడు ఎందుకు చదవాలో చర్చించే డాక్యుమెంటరీని ప్రదర్శించి, దానిపై చర్చ నిర్వహించడం ఈ ఏడాది మన సంఘం చేపట్టిన ప్రధాన కార్యక్రమం. మిగిలినవి మామూలు సమావేశాలే కనుక ఈ నివేదికను దీనికే పరిమితం చేస్తున్నాం.

ట్రెసెల్ అనేది కలం పేరు. డబ్లిన్‌లో పుట్టిన రాబర్ట్ నూనన్, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌లో ఇళ్లకు రంగులు వేస్తూ, సైన్‌బోర్డులు రాస్తూ ఈ నవలను పూర్తి చేశారు. ప్రచురణకర్తలు తిరస్కరించారు. 1911లో లివర్‌పూల్‌లో క్షయతో మరణించిన ఆయనను పేదల ఉమ్మడి సమాధిలో పూడ్చారు. కూతురు కాథ్లీన్ కాపాడిన చేతిరాత ప్రతి 1914లో అచ్చయింది. చిత్రం ఈ విషాదం మీదే ఎక్కువసేపు నిలిచింది. అంత అవసరం లేదని కార్యవర్గం అభిప్రాయం.

చిత్రానికి ప్రాణం, నవలలోని డబ్బు కిటుకు ఘట్టం. భోజన విరామంలో నవల నాయకుడు, ఇళ్లకు రంగులు వేసే ఫ్రాంక్ ఓవెన్ తోటివారి రొట్టె ముక్కలను ముడిసరుకుగా, జేబు కత్తులను యంత్రాలుగా, మూడు అర పెన్నీ నాణేలను పెట్టుబడిగా పెట్టి, తాను యజమానిగా ముగ్గురిని పనిలో పెట్టుకుంటాడు. కూలిగా తీసుకున్న నాణేన్ని తిండికోసం మళ్లీ అతనికే ఇచ్చేసిన పనివాళ్లు వారం గడిచేసరికి ఉత్త చేతులతో మిగులుతారు. యజమాని దగ్గర నాణేలన్నీ ఉంటాయి, రొట్టె నిల్వా పెరుగుతుంది. సరుకు మరీ ఎక్కువైందని అతను పని ఆపేస్తే, తాము కోసిన రొట్టెల ఎదుటే వాళ్లు పస్తుండాలి. ఇంత కష్టమైన లెక్కను ఇంత తేలిగ్గా చెప్పిన రచన అరుదు.

చర్చలో వాదం ముదిరింది మరోచోట. ఓవెన్ కోపం యజమానుల కన్నా, వారిని సమర్థించే తోటి కూలీల మీదే ఎక్కువగా కనిపిస్తుందని, అది చిన్నచూపేనని కొందరు సభ్యులు ఆక్షేపించారు. సొంత బండి, సొంత ఫోన్ పెట్టుకుని డెలివరీ పనిచేస్తూ తమను తాము యజమానులుగా భావించుకునేవారిని చూస్తే ఆ కోపం అర్థమవుతుందని మరికొందరన్నారు. పనిముట్టు చేతికొచ్చినా పని ఇచ్చే అధికారం రాలేదు కనుక, ఈ రెండో వాదంలోనే బలం ఎక్కువని మాకు తోచింది.

చిత్రం పైపైన దాటేసిన విషయం ఒకటుంది. 1914 ముద్రణను సంస్కరించిన జెస్సీ పోప్ (తర్వాత కుర్రాళ్లను యుద్ధానికి ఉసిగొల్పే పద్యాలు రాసింది ఈవిడే) సోషలిస్టు చర్చలను చాలావరకు తొలగించి, ఓవెన్ ఆత్మహత్య ఆలోచనను ముగింపుగా మార్చారు. రచయిత ముగింపులో ఆశ ఉంది. ట్రెసెల్ జీవిత చరిత్ర రాసిన ఫ్రెడ్ బాల్ కృషితో పూర్తి పాఠం 1955లో గానీ వెలువడలేదు.

అందువల్ల వచ్చే ఏడాది పఠన సమావేశాల్లో 1955 నాటి పాఠాన్నే చదవాలని, తొలి ముద్రణలో తొలగించిన భాగాలతో మొదలుపెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిని సర్వసభ్య సమావేశం ఆమోదానికి ఉంచుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి