చేతి కాయలు దాచిన పిల్ల

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పెళ్లి సంబంధాల పేజీలో ‘సన్నగా, నాజూగ్గా, నెమ్మదిగా ఉండే వధువు కావలెను’ అన్న ప్రకటన చూశాను. ఇచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ శ్రీకాకుళం జిల్లా బడుల్లో ఇరవై ఎనిమిదేళ్లు వ్యాయామ టీచరుగా చేసినదాన్ని. ఈ నాజూకుతనం ఆడపిల్లల ఒంటిని ఏం చేస్తుందో అందరికీ తెలుసు, బుద్ధిని ఏం చేస్తుందో నేను దగ్గరుండి చూశాను.

ఒకసారి పదో తరగతి పరీక్షలకు గదులు సర్దుతున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలిచి, బెంచీ ఆ చివర పట్టుకోమన్నాను. చుట్టూ మగపిల్లలున్నారు. వాళ్లవైపు ఓసారి చూసి, చున్నీ సర్దుకుని, “నా వల్ల కాదు టీచర్” అని పక్కకు జరిగింది. మర్నాడు పొద్దున్న నేను బస్సు దిగి వస్తుంటే అదే పిల్ల నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో బోరు దగ్గర్నుంచి గట్టెక్కుతోంది. నన్ను చూసి తల దించుకుంది. ఆ రెండు బిందెల ముందు బెంచీ ఒక లెక్కా? బలం లేక కాదు, బలముందని నలుగురికీ తెలియకూడదని ఆ పిల్లకు ఇంట్లోనే నూరిపోశారు.

ఇంకో సంగతి చెప్పాలి. నా దగ్గర వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఉండేది. బార్ పట్టేవాళ్లకు వేళ్ల మొదట్లో కాయలు కాస్తాయి. సుద్దపొడి రాసుకున్నా కాస్తాయి, ఒక్కోసారి చిట్లి నెత్తురొస్తుంది. వాళ్లమ్మ నన్ను పట్టుకుని “ఈ సేతులు సూసి దీన్నెవులు సేసుకుంతారు టీచరమ్మా?” అనేది. చివరికి పెళ్లిచూపులు రానే వచ్చాయి. కాఫీ అందుకుంటూ పెళ్లికొడుకు మేనత్త పిల్ల చెయ్యి పట్టి అరచెయ్యి తిప్పి చూసింది. “ఇవేంటమ్మా?” అంది. “బట్టల సబ్బు పడదండీ” అంది మా పిల్ల.

నాలుగేళ్లు తెల్లారి ఐదింటికి లేచి సంపాదించుకున్న కాయలవి. జిల్లా పోటీల్లో పతకం తెచ్చిన చేతులవి. ఆ పూటకి వాటిని రోగం కింద చెప్పుకోవాల్సి వచ్చింది. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. సంబంధం తప్పిపోతుందేమోనని నోరు విప్పలేదు. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

సుకుమారంగా పెంచితే పిల్ల మెత్తగా, మంచిగా తయారవుతుందని పెద్దలు నమ్ముతారు. నాకు కనిపించింది వేరు. ఆకలేస్తే ఆకల్లేదనడం, దెబ్బ తగిలితే తగల్లేదనడం, వచ్చిన లెక్క రాదనడం, ఇవే అలవాటవుతాయి. ఏదైనా సూటిగా అడిగితే గయ్యాళి అంటారు కాబట్టి అలకతోనో కన్నీళ్లతోనో సాధించుకోవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత “ఆడవాళ్ల మనసు అర్థం కాదు” అని మనమే అంటాం. మనసులో మాట పైకి చెప్పనిచ్చామా ఎప్పుడైనా?

ఈ సుకుమారం కూడా అందరికీ రాసిపెట్టింది కాదు. 14.2 కిలోల గ్యాసుతో నిండిన బండ, ఇనుముతో కలిపి దాదాపు ముప్పై కిలోలు. ఇంటి కోడలు దాన్ని ముట్టుకుంటే వద్దు వద్దంటారు, పనిమనిషి వంటింట్లోకి ఈడ్చుకొస్తే ఎవరూ తలెత్తి చూడరు. రోజంతా నడుం వంచి నాట్లు వేసే మనిషిని కోమలి అన్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్లే కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చింది. 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, ఆ తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఇదంతా అందరూ చెప్పుకునేదే. నేను మాత్రం నా పిల్లలకు ఆమె ఆఖరి ప్రయత్నం గురించి చెప్పేదాన్ని. బార్ మీద 137.5 కిలోలు పెట్టించుకుంది. అది నిలిచి ఉంటే బంగారం వచ్చేది. నిలవలేదు. లోకమంతా చూస్తుండగా పెద్ద బరువు అడిగి, ఎత్తబోయి, వదిలేసింది. నాజూగ్గా పెరిగిన పిల్లకు ఈ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఓడిపోయేటట్టు ఉంటే అసలు బరిలోకే దిగొద్దని కదా అలాంటి పిల్లకు నేర్పాం!

పరీక్షలకు గదులు సర్దే టీచర్లకు నాదొక విన్నపం. బెంచీలు మోయడానికి అమ్మాయిల్నీ పిలవండి. “నా వల్ల కాదు” అని పక్కకు జరిగితే, నాలా ఊరుకోకుండా ఇంకోసారి పిలవండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా