బంకుల్లో ఇంధనం తారుమారు

అయ్యా,

ఒకే మోడల్ కారు పెట్రోలులోనూ డీజిల్‌లోనూ వస్తున్నందున, బంకుల్లో ఒకదానికి బదులు మరొకటి కొట్టే పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. డీజిల్ కారులో ఇంజిన్‌కు ఇంధనం అందించే హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు డీజిల్‌కున్న జిడ్డుగుణం వల్లనే అరగకుండా పనిచేస్తాయి; వాటిలోకి పెట్రోలు చేరితే ఒరుసుకుపోయి, మరమ్మతు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇటీవల మా ఊరి బంకులో ఇలాగే జరిగినప్పుడు, సిబ్బంది ‘స్టార్ట్ చేసి పక్కకు తీయండి’ అన్నారట; చేయకూడని పని సరిగ్గా అదే. తాళం తిప్పకుండా బండిని పక్కకు తోసి, ట్యాంకు ఖాళీ చేయిస్తే చాలావరకు గండం గట్టెక్కుతుంది. ‘జీరో చూసుకోండి సార్’ అని అలవాటుగా చెప్పే సిబ్బంది, ఇంధనం పేరు కూడా అడిగి, మూత మీది స్టిక్కరు చూసి మరీ కొట్టేలా చమురు సంస్థలు కట్టడి చేయాలి. పొరపాటు బంకుదైతే ఖర్చు డీలరే భరించాలి.

— ఒక పాఠకుడు, ఖమ్మం