స్కౌట్ మళ్ళీ వస్తుందట, నాన్నా

ఫోర్ట్ వేన్, ఇండియానా
ఆదివారం సాయంత్రం

నాన్నకి,

మొన్న ఫోన్లో మాట మధ్యలోనే సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసేసరికి నువ్వు పొలం వెళ్ళిపోయావని అమ్మ చెప్పింది. "మన ట్రాక్టర్ కంపెనీ వాళ్ళ ఊళ్ళోనే ఉంటున్నావటగా, ఆ కంపెనీ ఇంకా ఉందా?" అని అడిగావు కదా. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అమ్మ చేత చదివించుకోకుండా కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఈ ఊరొచ్చి మూడేళ్ళయినా ఆ విషయం నాకూ తెలియదు. ఏప్రిల్‌లో మంచు పూర్తిగా పోయాక మా పక్కింటి పెద్దాయన గరాజు శుభ్రం చేసుకుంటున్నాడు. టార్పాలిన్ తీస్తే లోపల అగ్గిపెట్టెలా చదరంగా ఓ పాత బండి. ముందు జల్లెడ మీద చిన్న అక్షరాల్లో 'ఇంటర్నేషనల్' అని ఉంది. మన ట్రాక్టర్ బానెట్ పక్కన సగం చెరిగిపోయిన అక్షరాలు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు నువ్వు దమ్ము చేసొచ్చి బురద కడుగుతుంటే, ఆ అక్షరాలు కూడబలుక్కునే కదా నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది!

ఆ బండి పేరు స్కౌట్. చేసింది ఇంటర్నేషనల్ హార్వెస్టర్. పుట్టుకతోనే అది కోత మిషన్ల కంపెనీ. 1902లో షికాగోలో మెకార్మిక్, డీరింగ్ అనే రెండు పెద్ద వ్యవసాయ యంత్రాల కంపెనీలను, ఇంకొన్ని చిన్నవాటిని కలిపి పెట్టారు. వాళ్ళ గుర్తు ఎప్పుడైనా సరిగ్గా చూశావా? నల్లటి 'హెచ్' అక్షరం మధ్యలో ఎర్రటి చిన్న 'ఐ' ఉంటుంది. ఎదురు నుంచి చూస్తే ట్రాక్టర్ మీద కూర్చున్న రైతులా ఉంటుంది, 'ఐ' మీది చుక్కే తలకాయ. రేమండ్ లోవీ అనే ఆయన గీశాడు. ఇది తెలిశాక ఆ గుర్తు ఎక్కడ కనిపించినా నాకు నువ్వే కనిపిస్తున్నావు, తలపాగా ఒక్కటే తక్కువ.

మన ట్రాక్టర్‌తో చుట్టరికం ఇలా కలిసింది. 1963లో మహీంద్రా, వోల్టాస్, ఈ హార్వెస్టర్ ముగ్గురూ కలిసి బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా అని పెట్టారు. అందులోంచి వచ్చిందే మన బి-275. అసలు నమూనా ఇంగ్లండ్‌ది, మనది కాండివలిలో చేసింది. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. తాతయ్య దాన్ని 'ఇంటర్నేషనలు' అంటే నువ్వు 'మహీంద్రా' అనేవాడివి. ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. ఇద్దరూ కరెక్టే!

ఇక ఈ ఊరి సంగతి. 1923లో ఇక్కడ లారీల ఫ్యాక్టరీ పెట్టారు. బాగా నడిచిన రోజుల్లో పదివేల మందికి పైగా పనిచేశారట. 1953లో 'ట్రావెలాల్' అని ఓ పెద్ద బండి తీశారు. చిన్న లారీకి వెనక తొట్టి బదులు అద్దాలు, సీట్లు పెట్టి మూసేసినట్టు ఉండేది. పిల్లాజెల్లా అందరూ పట్టేవారు, వెనక పడవ కట్టి లాక్కెళ్ళినా కదిలేది. ఇప్పుడు అందరూ ఎస్‌యూవీ అంటున్నారే, ఆ మాట జనం నోట్లోకి రాకముందే వచ్చిన ఎస్‌యూవీ అది. 1973లో పెట్రోలు కరువొచ్చాక అంత తిండి తినే బండిని కొనేవాళ్ళు తగ్గారు. 1975తో ఆపేశారు.

స్కౌట్ దాని తమ్ముడు. దాని పుట్టుక కథ నాకు భలే నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జీపు ఊరూరా తిరుగుతోంది, దానికి పోటీగా మనమూ ఒకటి తేవాలనుకున్నారు. గుర్రానికి బదులుగా పనికొచ్చేదేదైనా గీయమన్నారట. టెడ్ ఓర్నాస్ అనే డిజైనర్ ఓ రాత్రి ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని బొమ్మ గీశాడు. మొదట బాడీ ప్లాస్టిక్‌తో చేయిద్దామనుకున్నారు. లెక్క వేస్తే గిట్టుబాటు కాలేదు, రేకుతోనే చేశారు. చిన్న ఇంజిన్ తమ దగ్గర లేదు. కొత్తది తయారుచేస్తే డబ్బు, టైము. అందుకని లారీలకి వాడే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లో సగం తీసుకున్నారు. నిజంగానే సగం నాన్నా! రెండు వరసల్లో ఒక వరస తీసేసి నాలుగు సిలిండర్ల ఇంజిన్ చేశారు. ఆ ఒక్క పని చూస్తేనే తెలుస్తుంది, వాళ్ళు రైతులతో మసిలినవాళ్ళని. మన ఊళ్ళో పాత మోటారు సామానుతో కొత్త పంపుసెట్టు నిలబెట్టేవాళ్ళు లేరూ, అలాగే.

1961లో అమ్మకానికి వచ్చింది. పైకప్పు ఊడదీయొచ్చు, ముందు అద్దం బానెట్ మీదికి వాల్చేయొచ్చు. కార్ల షోరూముల్లో కాదు, ట్రాక్టర్లూ లారీలూ అమ్మే డీలర్ల దగ్గరే అమ్మారు. నాగలి కర్రు కొనడానికి వెళ్ళిన రైతు పక్కన నిలబెట్టిన స్కౌట్‌ని చూసి బేరం అడిగేవాడన్నమాట. తర్వాత ఫోర్డ్ వాళ్ళు 1966కి బ్రాంకో తెచ్చారు, షెవ్రొలే వాళ్ళు 1969కి బ్లేజర్ తెచ్చారు. 1971లో స్కౌట్-2 వచ్చింది, మా పక్కింటాయనది అదే. ట్రావెలాల్ పోయాక 1976లో ఇదే బండిని పొడుగు చేసి 'ట్రావెలర్' అని, వెనక తొట్టితో 'టెర్రా' అని రెండు తీశారు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాయి.

దాని జబ్బు తుప్పు. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు అడుగునుంచి రేకుని తినేస్తాయి. పెద్దాయన బండికి డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు మూడుసార్లు మార్చాడట. నవ్వుతూనే చెప్పాడు. ఆయన ఈ ఫ్యాక్టరీలోనే పెయింటు విభాగంలో పనిచేశాడు. "నేను వేసిన రంగే నా కళ్ళముందు ఊడిపోయింది" అన్నాడు.

ఎందుకు ఆగిపోయిందంటే, ఒక్క కారణం చెప్పలేం. 1979 నవంబరులో కంపెనీ మొత్తం మీద సమ్మె మొదలైంది. అప్పటి పెద్ద ఆర్చీ మెకార్డెల్ ఖర్చు తగ్గించాలని ఓవర్‌టైము విషయంలో పట్టుబట్టాడు, యూనియన్ ససేమిరా అంది. 172 రోజులు నడిచింది. సమ్మె ముగిసిన ఏడాదే ఆయన కంపెనీ దగ్గర తీసుకున్న 18 లక్షల డాలర్ల అప్పు కంపెనీయే మాఫీ చేసింది! పనివాళ్ళకెంత మండి ఉంటుందో చూడు. పైగా పెట్రోలు ధర, వడ్డీల భారం, రైతుల దగ్గర డబ్బు లేకపోవడం. 1980 అక్టోబరు 21న చివరి స్కౌట్ బయటికొచ్చింది. మొత్తం 5,32,674 చేశారు.

అసలు దెబ్బ తర్వాత పడింది. లారీల ఫ్యాక్టరీల్లో ఒకటే ఉంచుతాం, ఫోర్ట్ వేనా, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డా అన్నారు. రెండు ఊళ్ళూ మాదే ఉంచమని పోటీపడి రాయితీలు చూపించాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ గెలిచింది. 1983లో ఇక్కడ మూతపడింది. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో కోపం లేదు. ఫలానా వాడు ఫ్లోరిడా వెళ్ళాడు, ఫలానా వాడు టెక్సస్ వెళ్ళాడు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. మన వీధిలో ఎవరెవరు హైదరాబాదు వెళ్ళిపోయారో నువ్వు చెబుతావే, అచ్చం అలా.

నీ ప్రశ్నకి జవాబు ఇప్పుడు. 1985లో వ్యవసాయ యంత్రాల విభాగం అమ్మేశారు, అది కేస్ అనే ఇంకో ట్రాక్టర్ల కంపెనీతో కలిసింది. మిగిలిన లారీల కంపెనీ 1986లో నావిస్టార్ అని పేరు మార్చుకుంది. 2021లో ఫోక్స్‌వాగన్ వాళ్ళ లారీల సంస్థ ట్రాటన్ దాన్ని పూర్తిగా కొనేసింది. 2024లో నావిస్టార్ తన పేరు మళ్ళీ ఇంటర్నేషనల్ అనే మార్చుకుంది. కాబట్టి ఉందనీ చెప్పొచ్చు, లేదనీ చెప్పొచ్చు.

ఆ కొనుగోలులో 'స్కౌట్' అనే పేరు కూడా జర్మనీ వాళ్ళ చేతికి వచ్చింది. ఇల్లు కొంటే అటక మీద పాత ఇత్తడి గంగాళం దొరికినట్టు! 2022 మేలో, ఆ పేరుతో అమెరికాలో కరెంటు బళ్ళు చేస్తామని ప్రకటించారు. సౌత్ కరోలినాలో బ్లైత్‌వుడ్ అనే చోట 200 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ. పూర్తిగా నడిస్తే ఏడాదికి రెండు లక్షల బళ్ళు, నాలుగు వేల ఉద్యోగాలు అంటున్నారు. 2024 అక్టోబరులో రెండు నమూనాలు చూపించారు: ఎస్‌యూవీకి ట్రావెలర్, తొట్టి బండికి టెర్రా. పాత స్కౌట్ పక్కన పెడితే ఈ కొత్త ట్రావెలర్ ఏనుగు. ధర అరవై వేల డాలర్ల లోపు మొదలవుతుందట. 2027లో తయారీ మొదలుపెడతామన్నారు.

నాకు నచ్చినవి రెండున్నాయి. ఒకటి, కింద లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ పెట్టి దాని మీద బాడీ కూర్చోబెడుతున్నారు, వెనక రెండు చక్రాలనీ కలిపే మొద్దు యాక్సిల్ ఉంచారు, అన్నీ టీవీ తెర మీద కాకుండా చేత్తో నొక్కే స్విచ్చులూ పెట్టారు. రెండోది, ఒట్టి బ్యాటరీతో 350 మైళ్ళు అంటున్నారు, అది చాలదనుకునేవాళ్ళకి వెనక చిన్న పెట్రోలు జనరేటర్ పెట్టి 500 మైళ్ళు దాటిస్తామంటున్నారు. అది చక్రాలు తిప్పదు, బ్యాటరీకి కరెంటు అందిస్తుంది, అంతే. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ జనరేటర్ ఉన్నదే అడిగారట. దానికి పెట్టిన పేరు 'హార్వెస్టర్'.

ఈ పేరు దగ్గరే నాకు మనసొప్పలేదు నాన్నా. ఒకప్పుడు మొత్తం కంపెనీ పేరు, ఇప్పుడు వెనక దాచిన జనరేటర్ పేరు. ఫోర్ట్ వేన్‌కి ఇందులో ఒక్క ఉద్యోగమైనా వస్తుందా అని వెతికితే నాకేమీ కనపడలేదు. ఇక్కడ ఏటా పాత హార్వెస్టర్ బళ్ళన్నీ తెచ్చి పండగ చేసుకుంటారు, ఊరికి మిగిలింది అది.

ఫోన్లో ఫొటోలు చూపిస్తే పెద్దాయన కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. కొత్త బండిని తిడతాడనుకున్నాను. "సౌత్ కరోలినాలో రోడ్ల మీద ఉప్పు అంతగా వెయ్యరు, ఇదైనా తుప్పు పట్టకుండా ఉంటుంది" అన్నాడు. అంతే, ఫోను తిరిగిచ్చి టార్పాలిన్ కప్పేశాడు.

ఆయనకి మన ట్రాక్టర్ గురించి చెబితే నమ్మలేదు. ఇండియాలో, అదీ ఓ పల్లెటూళ్ళో, ఇంకా స్టార్ట్ అవుతుందా అని మూడుసార్లు అడిగాడు. రేడియేటర్ కారుతోంది గానీ అవుతుందని చెప్పాను. అవుతుంది కదా? తమ్ముడు దాన్ని పాత ఇనుముకి వేసేద్దామంటున్నాడని అమ్మ చెప్పింది. షెడ్డులో చోటు కావాలంటే గడ్డి కోసే మిషన్ బయట పెట్టమను. సంక్రాంతికి నేనొచ్చేదాకా దాన్ని ఎవరికీ బేరం పెట్టొద్దు.

ఇంకో పని. బానెట్ పక్కన అక్షరాలు, ఇంజిన్ మీద రేకుముక్కకి కొట్టిన నంబరు, రెండూ కనపడేలా ఫొటో తీసి పంపించు. గ్రీజు గుడ్డతో ఒకసారి తుడిచి తీయి, పెద్దాయనకి చూపించాలి. నువ్వు కూడా సీటు మీద కూర్చో. తలపాగాతో.

నీ
చిన్నమ్మాయి