ఆ ఫొటోలో ఉన్నది తేనెపిట్ట

సంపాదకుల వారికి నమస్కారములు.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో, కోనసీమలో ఒకరి పెరట్లోకి హమ్మింగ్‌బర్డ్ వచ్చిందంటూ ఒక ఫొటో, దాని పక్కనే అలాంటి ఫొటోలు తీయడం ఎలాగో చెప్పే చిన్న వ్యాసం ప్రచురించారు. ఫొటో బాగుంది, తీసినవారి ఓపికను మెచ్చుకోవాలి. అయితే పక్షుల కోసం ఎర్రరంగు తీపినీళ్లు నింపి కట్టిన సీసా పక్కన పుల్ల మీద కూర్చుని, మెడ సాచి తాగుతున్న ఆ పక్షి మన ఇళ్ల చుట్టూ ఏడాది పొడవునా తిరిగే తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లలో 360కి పైగా జాతులున్నప్పటికీ అవన్నీ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లోనూ వాటి దరిదాపు దీవుల్లోనూ మాత్రమే ఉంటాయి.

పేరులో ఏముందిలే అని ఊరుకుందును గాని, ఆ వ్యాసంలో చెప్పిన ఫ్లాష్‌లు, సీసా, రంగునీళ్లు అన్నీ ఆ పేరు వెంటే వచ్చాయి. హమ్మింగ్‌బర్డ్ గాలిలో ఒకేచోట నిలబడి తేనె తాగుతుంది. అమెరికా తూర్పు ప్రాంతాల పెరళ్లలో కనిపించే ఎర్రగొంతు జాతి సెకనుకు 50 సార్లకు అటూ ఇటూగా రెక్కలాడిస్తుంది కాబట్టి మామూలు షట్టర్ వేగానికి ఆ రెక్కలు పొగలాగా అలుక్కుపోతాయి. అందుకే అక్కడివారు మూడు నాలుగు ఫ్లాష్‌లను పవర్ బాగా తగ్గించి, ఒక్కో మెరుపు సెకనులో పదివేలవ వంతుకు మించకుండా చూసుకుని, ఆ వెలుగుతోనే రెక్కను ఆపుతారు. అమెరికా ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలోనే ఈ దారి చూపించారు. పక్షి ప్రతిసారీ అదే చోటికి రావాలి కనుక సీసా కడతారు. అక్కడ అది సబబైన ఏర్పాటే.

మన తేనెపిట్టకు ఆ హంగామా అక్కర్లేదు, ఎందుకంటే అది కూర్చుంటుంది. అప్పుడప్పుడూ ఒక్క క్షణం రెక్కలు కొట్టుకుంటూ పువ్వు ముందు నిలబడినా, తాగడం మాత్రం ఎక్కువగా కొమ్మను పట్టుకునే. నాది రావులపాలెంలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ముహూర్తాలుండవు కనుక ఆ రోజుల్లో వరండాలో కర్టెన్ వెనక, దూరంలోవి దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్స్‌తో కూర్చుంటాను. రెండు రోజులు కెమెరా ముట్టకుండా చూస్తే తెలిసేదేమిటంటే, తేనెపిట్ట పువ్వు మీదికి వెళ్లే ముందు దాదాపు ప్రతిసారీ అదే పుల్ల మీద ఆగుతుంది. ఆ పుల్ల మీద ముందే ఫోకస్ పెట్టుకుని, షట్టర్ వేగం సెకనులో వెయ్యోవంతు (1/1000) దగ్గర ఉంచుకుంటే చాలు. మందారం దగ్గరైతే ఇంకో తమాషా ఉంది: అది పువ్వు ముఖంలోంచి వెళ్లకుండా, వెనక తొడిమ దగ్గర ముక్కుతో చిల్లు పొడిచి తేనె లాగేస్తుంది. పువ్వుకు పుప్పొడి సాయం చేయకుండా పుచ్చుకునే దొంగతనమే అది, కాని ఫొటోకు అంతకంటే మంచి భంగిమ దొరకదు.

వెలుగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మగపిట్ట మెడ మీది నీలం, ఊదా నిగనిగలు పూసిన రంగుల్లాంటివి కావు, ఈకల సూక్ష్మనిర్మాణం మీద పడిన వెలుగు విరిగి వచ్చేవి. ఎండ పక్కనుంచి పడితే ఆ పక్షి బొగ్గుముక్కలా ఉంటుంది. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య సూర్యుడు మన వీపు వైపు ఉన్నప్పుడు అది తల ఇటు తిప్పితే చాలు, ఆ బొగ్గే నెమలికంఠం అవుతుంది.

ఇక సీసా సంగతి. నేనూ ఒక వేసవిలో కట్టాను. మూడోనాటికి పులిసిన కల్లు వాసన, సీసా చుట్టూ గండుచీమలు, లోపల తేలుతున్న రెండు తేనెటీగలు. అమెరికాలో వాడేవారు సైతం ఒక వంతు తెల్ల పంచదారకు నాలుగు వంతుల నీళ్లు తప్ప మరేమీ కలపరు. రంగు వేయవద్దంటారు, తేనె కలిపితే బూజు పడుతుందంటారు, వేడి రోజుల్లో సీసాను తరచుగా కడిగి నీళ్లు మారుస్తూ ఉండాలంటారు. మీ వ్యాసం బెల్లం పాకంలో ఎర్రరంగు కలపమని చెప్పింది. రోహిణి కార్తె ఎండలో ఆ పాకం ఎంతసేపు నిలుస్తుందో మన ఆడవాళ్లను అడిగినా చెప్పేవారు. సీసా బదులు కడియం నర్సరీల్లో దొరికే హమేలియా గాని రసెలియా గాని ఒక మొక్క తెచ్చి నాటుకోవచ్చు. ఆ రెండూ అమెరికా ఖండాల మొక్కలే, అక్కడ వాటి పూల చుట్టూ తిరిగేవి హమ్మింగ్‌బర్డ్‌లే. పువ్వు సముద్రం దాటి వచ్చింది గాని పక్షి రాలేదు. పెరట్లో అరటిగెల పువ్వు వేసి ఉంటే ఆ మొక్క ఖర్చు కూడా ఉండదు.

వ్యాసంలో గూళ్ల ఫొటోలు తీయమని కూడా ఒక మాట ఉంది. దాని గురించి నా తప్పు చెప్పుకోక తప్పదు. ఆరేళ్ల క్రితం మా కరివేపాకు చెట్టుకు తేనెపిట్ట గూడు పెట్టింది. సాలెగూటి దారాలతో ఎండు నారను, బెరడు ముక్కలను అల్లి వేలాడదీసిన చిన్న సంచీ, దాని ద్వారం మీద వానకు చూరులా పొడుచుకువచ్చిన ఒక అంచు. లోపల రెండు పిల్లలు. వెలుగు చాలడం లేదని నేను అడ్డుగా ఉన్న నాలుగు రెమ్మలు కత్తిరించాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు ఉదయం జెముడుకాకి ఆ ఖాళీలోంచే వచ్చి గూడు చీల్చింది. తల్లి ముక్కున పురుగుతో మధ్యాహ్నం దాకా ఆ కొమ్మకే వచ్చి పోతూ ఉంది. ఆ ఫొటోను నేను ఇంతవరకు స్టూడియోలో పెట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందనే లెక్కిస్తుందని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే కత్తెర పక్కన పెట్టేవాడినని చెప్పడానికీ నాకు ధైర్యం చాలదు, అంత మోజులో ఉన్నాను.

కావున, వచ్చే ఆదివారం అదే పేజీలో పక్షి పేరును సవరించి వేయవలసిందిగా కోరుతున్నాను. మీ వ్యాసం చదివి సీసాలు కట్టినవారు ఉంటారు కనుక, ఆ ఎర్రనీళ్లు పారబోయమని, గూళ్ల జోలికి వెళ్లవద్దని రెండు వాక్యాలు దానికి చేర్చగలరని మనవి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
రావులపాలెం