ఇంజెక్షన్ లేకుండా కూడా చూడొచ్చని ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పోయిన నెల అమ్మకి మెదడుకి రక్తం సరిగ్గా అందుతోందా లేదా చూడాలని ఎంఆర్ఐ రాశారు. అమ్మకి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, అలాంటివాళ్లకి, స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే గాడోలినియం మందు ఇంజెక్షన్ ఇవ్వాలంటే డాక్టర్లే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు కదా, మాకు రాత్రంతా నిద్రలేదు. తీరా వెళ్లాక స్కానింగ్ చేసే అబ్బాయి, ఇంజెక్షన్ అక్కర్లేదమ్మా, ఏఎస్ఎల్ (ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్) అని ఇంకో పద్ధతి ఒకటుంది అన్నాడు. ఆ ముక్క ముందురోజు కౌంటర్‌లో చెప్తే ఏం పోయింది?

ఆ అబ్బాయి చెప్పింది, నేను తర్వాత చదివింది ఏంటంటే, మెడ దగ్గర రక్తంలో ఉండే నీటికే రేడియో తరంగాలతో అయస్కాంత గుర్తు పెడతారు, రెండు సెకన్లు అటూఇటుగా ఆగి అది మెదడులోకి చేరాక ఫోటో తీస్తారు, గుర్తు పెట్టకుండా ఇంకోటి తీసి రెండిటికీ తేడా చూస్తారు. ఈ పద్ధతి 1992 నుంచీ ఉంది! కాకపోతే ఆ తేడా దాదాపు 1 శాతమే, తల కొంచెం కదిలినా పాడైపోతుంది. ఈ సంగతీ ఎవరూ చెప్పలేదు. గాజులు తీసి నా చేతిలో పెట్టి, మెళ్లో పసుపుతాడు మాత్రం ఉంచుకుని లోపలికెళ్లిన అమ్మ, ఆ మోతకి భయపడి కదిలింది, మళ్లీ మొదట్నుంచి తీశారు పాపం.

అన్ని మెషీన్లలో ఇది ఉండదు, అందరికీ సరిపోదు కూడా, అది డాక్టరే తేల్చాలి. కానీ స్కానింగ్ సెంటర్లలో ఈ నాలుగు మాటలు తెలుగు, కన్నడ, తమిళంలో ఒక కాగితం మీద రాసి ముందే చేతిలో పెట్టాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఒక పాఠకుడు, బెంగళూరు